హద్రమౌత్ తీరం: ఏడెన్ సంతకాలు, హైదరాబాదు సొమ్ము

అరేబియా ద్వీపకల్పపు దక్షిణ అంచున, ఏడెన్ రేవుకు తూర్పుగా సుమారు ఐదు వందల కిలోమీటర్ల దూరంలో, కొండకూ కడలికీ మధ్య ఇరుకైన నేల మీద ముకల్లా పట్టణం ఉంది. దాని వెనుక చెట్టూ చేమా లేని జోల్ పీఠభూమి పరచుకుని ఉంటుంది. ఒంటెల మీద వారం పాటు ఆ పీఠభూమిని దాటితే ఖర్జూర తోటలతో, మట్టి మేడలతో నిండిన హద్రమౌత్ లోయ కనిపిస్తుంది. ఈ తీరమూ దాని వెనుక ప్రాంతమూ 1888 నుంచి 1967 వరకు బ్రిటిష్ రక్షిత ప్రాంతంగా దస్తావేజుల్లో నమోదై ఉన్నాయి. అయితే ఆ కాలంలో మొదటి అర్ధశతాబ్దం పాటు అక్కడ ఒక్క బ్రిటిష్ అధికారి కూడా స్థిరంగా నివసించలేదు, కచేరీ తెరవలేదు, శిస్తు వసూలు చేయలేదు, లోయలో ఎవరు ఎవరిని చంపుకుంటున్నారో కూడా పెద్దగా పట్టించుకోలేదు.

మరి ఆ పాలన దేని మీద నిలబడింది? సముద్రం మీద ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అన్న నిర్ణయం ఒక్కటే ఏడెన్‌లోని బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంటు చేతిలో నికరంగా ఉన్న అధికారం. నేల మీద రాజ్యాన్ని కట్టి నిలబెట్టింది ఆయన కాదు, నిజాం రాజ్యంలో అరబ్బు జమేదార్లు, అంటే అరబ్బు సిపాయి దళాల నాయకులు, కూడబెట్టిన సొమ్ము. ఏడెన్ సంతకమూ హైదరాబాదు సొమ్మూ కలిసినప్పుడే ఈ తీరంలో ఏ పని అయినా జరిగింది. వలస పాలనను గురించిన చర్చల్లో మొదటి సగానికి దక్కినంత చోటు రెండో సగానికి దక్కలేదు. తెలుగు పాఠకులకు మాత్రం ఆ రెండో సగమే దగ్గరిది.

బొంబాయి ఖాతాలో ఏడెన్

ఏడెన్ 1839 జనవరి 19న బ్రిటిష్ వారి వశమైంది. దానికి సాకుగా దొరికినది ఒక మద్రాసు ఓడ. కర్ణాటక నవాబు కుటుంబానికి చెందిన దరియా దౌలత్ అనే ఆ ఓడ బ్రిటిష్ జెండాతో, హజ్ యాత్రికులతో జెడ్డా వైపు వెళుతూ 1837లో ఏడెన్ దగ్గర ఒడ్డుకు కొట్టుకుపోయింది. తీరవాసులు దాన్ని దోచుకున్నారు. నష్టపరిహారం అడగడానికి బొంబాయి ప్రభుత్వం ఇండియన్ నేవీకి చెందిన కెప్టెన్ స్టాఫర్డ్ బెట్స్‌వర్త్ హేన్స్‌ను పంపింది. ఆవిరి ఓడలకు సూయజ్ దారిలో బొగ్గు నింపుకునే రేవు కావాలన్న అవసరం ఆ పరిహారం కన్నా ఎంతో పెద్దది కాబట్టి, హేన్స్ రేవునే ఇచ్చేయమని అప్పట్లో ఏడెన్‌ను ఏలుతున్న లహేజ్ సుల్తాన్‌ను అడిగాడు. బేరం కుదిరినట్టే కుదిరి చెడింది, ఆ తరువాత యుద్ధనౌకలు వచ్చాయి. అప్పటికి ఏడెన్‌లో ఉన్నది వందల్లో జనాభా మాత్రమే.

రేవు పట్టుబడిన నాటి నుంచి 1932 వరకు ఏడెన్ బొంబాయి రాష్ట్రంలో భాగం. రెసిడెంటును నియమించేది బొంబాయి, లెక్కలు అడిగేది బొంబాయి, కోర్టు తీర్పు మీద అప్పీలు వెళ్లేది బొంబాయి హైకోర్టుకు. భారత శిక్షాస్మృతి అక్కడ అమలైంది, రూపాయి అక్కడ చెలామణి అయింది. 1937లో ఏడెన్‌ను భారతదేశం నుంచి పూర్తిగా విడదీసి లండన్ కింద వలస రాజ్యంగా మార్చిన తరువాత కూడా 1951 వరకు ఆ రూపాయే చెల్లింది. కవాస్జీ దిన్‌షా వంటి పార్సీ వ్యాపారులు ఓడల ఏజెన్సీ, బ్యాంకింగు, సరఫరాలు నడిపారు. అరేబియా నేల మీద ఉన్న బొంబాయి తాలూకా అని దాన్ని పిలిస్తే పెద్దగా తప్పు కాదు.

ఈ ఏర్పాటులో పొదుపు ఎంత కఠినంగా ఉండేదో హేన్స్ గతే చెబుతుంది. పదిహేనేళ్ల పాటు సెలవైనా తీసుకోకుండా ఏడెన్‌ను నిలబెట్టిన ఆ మనిషి, చాలీచాలని సిబ్బందితో ఖజానా లెక్కలు తానే రాసుకుంటూ, చివరికి వేల పౌనుల లోటు చూపించాడు. 1854లో అతన్ని బొంబాయికి పిలిపించి అపహరణ నేరం మోపారు. జ్యూరీ నిర్దోషి అని తేల్చింది, అయినా ఆ లోటును అప్పుగా కట్టి అప్పుదారుల జైల్లో పెట్టారు. 1860లో విడుదలైన కొద్ది రోజులకే బొంబాయి రేవులోనే ఆయన కన్నుమూశాడు. కోట గెలిచినందుకు కీర్తి, ఖాతా కుదరనందుకు జైలు, ఈ రెంటినీ ఒకే ప్రభుత్వం ఒకే మనిషికి ఇచ్చిందంటే ఆ పాలనలో దేనికి ఎక్కువ విలువో అర్థమవుతుంది. ఆ తరువాత వచ్చిన రెసిడెంట్లు ఎవరూ ఈ పాఠాన్ని మరచిపోలేదు. తీరం వెంట ఏ ప్రతిపాదన వచ్చినా వాళ్లు మొట్టమొదట అడిగిన ప్రశ్న ఖర్చు ఎంత అని.

ఖర్చు లేకుండా పలుకుబడి నిలుపుకోవడానికి వాళ్లు ఎంచుకున్న సాధనాలు నెల భత్యాలు, బహుమానాలు, తుపాకి వందనాలు, ఒడంబడికలు. లహేజ్ సుల్తాన్‌కు నెలకు 541 మేరియా థెరీసా వెండి డాలర్ల భత్యం 1839 జూన్ ఒప్పందంతోనే మొదలైంది. ఆస్ట్రియా రాణి బొమ్మతో ఉన్న ఆ వెండి నాణేన్నే ఎర్రసముద్రపు రెండు ఒడ్డులా జనం నమ్మేవారు. లోపలి తెగల షేకులు ఏడెన్‌కు వచ్చినప్పుడు వసతి, భోజనం, తిరుగు ప్రయాణంలో బట్టలూ డబ్బూ ఇచ్చి పంపేవారు. అల్లరి చేసిన తెగకు భత్యం ఆపేవారు, దారి మూసేవారు, మళ్లీ వచ్చి మాట ఇస్తే పునరుద్ధరించేవారు. ఈ వ్యవహారంలో అరబ్బీ తెలిసిన దేశీయ సహాయకుడిది కీలకమైన స్థానం. మోసుల్‌లో పుట్టిన హొర్ముజ్ద్ రస్సామ్ ఇలాగే ఏడెన్ రెసిడెన్సీలో పని చేసి, 1864లో ఇథియోపియా చక్రవర్తి దగ్గరికి రాయబారిగా వెళ్లాడు. రెసిడెంటుకు తెలిసేది సహాయకుడు చెప్పినంత, షేకులకు అందేది సహాయకుడు సిఫారసు చేసినంత. ఒక తెగ చరిత్రంతా ఒకే మనిషి జ్ఞాపకంలో, అతని ఇష్టాయిష్టాల్లో ఇమిడి ఉన్నప్పుడు పాలన ఎంత బలహీనంగా ఉంటుందో ఊహించవచ్చు.

జమేదార్ల సొమ్ము

ఏడెన్ చుట్టుపక్కల ఈ భత్యాల పద్ధతి ఏదో ఒక రకంగా నడిచింది. హద్రమౌత్ దగ్గరికి వచ్చేసరికి అది పని చేయలేదు. కారణం, అక్కడి నాయకులకు రెసిడెంటు ఇవ్వగలిగిన దాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ డబ్బు మరో చోటి నుంచి వస్తూ ఉండటమే. ఆ మరో చోటు హైదరాబాదు.

పంట చాలని హద్రమౌత్ నుంచి మగవాళ్లు తరతరాలుగా సముద్రం దాటి వెళ్లేవారు. సయ్యదులూ వ్యాపారులూ జావా, సింగపూర్ల వైపు వెళితే, ఆయుధం పట్టగల తెగల వాళ్లు భారతదేశపు సంస్థానాలకు వచ్చారు. పందొమ్మిదో శతాబ్దపు మొదటి సగంలో నిజాం కొలువులో అరబ్బు దళాలు ఒక ప్రత్యేక శక్తిగా ఎదిగాయి. వాటి నాయకులే జమేదార్లు. వాళ్లు తమ సిపాయిల జీతాలు సర్కారు నుంచి తీసుకోవడంతో ఆగలేదు. ఎప్పుడూ ఖాళీగా ఉండే నిజాం ఖజానాకు అప్పులు ఇచ్చి, ఆ అప్పులకు హామీగా తాలూకాల శిస్తు వసూలును తమ చేతిలోకి తీసుకున్నారు. సాహుకార్ల బాకీల వసూలుకు అరబ్బు సిపాయిలు బాకీదారు గుమ్మం ముందు కూర్చునేవారు. కొందరు జమేదార్లు బాకీదార్లను సొంత నిర్బంధంలో పెట్టుకునే స్థితి కూడా ఉండేది. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ చేసిన సంస్కరణల్లో ముఖ్యమైనది, ఇలా తాకట్టు పడిన తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించి సర్కారు వసూలు కిందికి తేవడం. తెలంగాణ, మరఠ్వాడా పల్లెల రైతు కట్టిన శిస్తులో ఒక పాయ అప్పటికే సముద్రం దాటి హద్రమౌత్ తీరంలోని షిహ్ర్ రేవు ఒడ్డున తుపాకీలుగా, తోటలుగా, కోటలుగా మారింది.

అలా ఎదిగిన వాళ్లలో ముగ్గురి పేర్లు హద్రమౌత్ చరిత్రలో స్థిరపడ్డాయి. యాఫిఈ తెగకు చెందిన ఉమర్ బిన్ అవధ్ అల్ ఖుఐతీ, కథీరీ రాజవంశానికి చెందిన గాలిబ్ బిన్ ముహ్సిన్, ఔలఖీ తెగకు చెందిన అబ్దుల్లా బిన్ అలీ, ఈ ముగ్గురూ హైదరాబాదు జమేదార్లే. ముగ్గురూ స్వదేశంలో రాజ్యం కట్టాలనుకున్నవాళ్లే. హైదరాబాదులో ఒకే సర్కారు కొలువులో ఉన్న మనుషులు హద్రమౌత్‌లో ఒకరి కోటలను ఒకరు ముట్టడించారు. 1866లో కథీరీలు షిహ్ర్ రేవును పట్టుకున్నారు, మరుసటి ఏడాదే ఖుఐతీలు ఓడల్లో వచ్చి దాన్ని లాక్కున్నారు. ఉమర్ 1865లోనే మరణించాడు కాబట్టి ఈ పని ఆయన కొడుకుల కాలంలో జరిగింది. వాళ్లలో అవధ్‌కు హైదరాబాదులో సుల్తాన్ నవాజ్ జంగ్ అనే బిరుదు ఉండేది. తీరంలో యుద్ధాన్ని నడిపే అన్నదమ్ములు కొందరైతే, హైదరాబాదులో సంపాదన చూసుకుంటూ డబ్బు పంపే అన్నదమ్ములు కొందరు. ఉమ్మడి కుటుంబం ఒక రాజ్యంగా మారిన తీరు ఇది.

ఏడెన్‌కు ఈ పరిస్థితి చిక్కు తెచ్చిపెట్టింది. యుద్ధానికి డబ్బు వచ్చేది భారత ప్రభుత్వపు పరోక్ష అధికారం కింద ఉన్న సంస్థానం నుంచి. ఆ డబ్బుతో జరిగే పోరు భారత ప్రభుత్వపు మరో కార్యాలయం కాపలా కాసే తీరంలో. అందుకని ఏడెన్ రెసిడెంటు బొంబాయికి రాసేవాడు, బొంబాయి కలకత్తాకు రాసేది, కలకత్తా హైదరాబాదు రెసిడెంటుకు చెప్పేది, ఆయన సాలార్ జంగ్‌ను కలిసి జమేదార్లు తమ స్వదేశపు గొడవల్లో తలదూర్చకుండా చూడమని కోరేవాడు. సాలార్ జంగ్ అందుకు ఒప్పుకునేవాడు, జమేదార్లను మందలించేవాడు కూడా. కానీ హుండీ మీద వెళ్లే సొమ్మును ఆపడం దివాన్ వల్ల కూడా అయ్యే పని కాదు. ఉత్తరం నాలుగు కచేరీలు తిరిగి వచ్చేలోగా రేవు చేతులు మారిపోయేది.

ముకల్లా బాకీ

ఈ పాలన ఎలా పనిచేసిందో చూడటానికి ముకల్లా వ్యవహారం ఒక్కటి దగ్గరగా చూస్తే చాలు. ముకల్లాను ఏలుతున్నది కసాదీ వంశపు నకీబు (అక్కడి పాలకుడి బిరుదు అది). షిహ్ర్ యుద్ధాల్లో ఆయన ఖుఐతీలతో చేయి కలిపి, ఆ ఖర్చు కోసం వాళ్ల దగ్గరే అప్పు చేశాడు. 1873లో ఆ నకీబు సలాహ్ చనిపోగానే ఖుఐతీ జమేదారు మనుషులతో వచ్చి వారసుడైన ఉమర్ బిన్ సలాహ్ ముందు బాకీ పత్రం పెట్టాడు. తీర్చలేని కొత్త నకీబు చేత ముకల్లాలో సగమూ, దగ్గరలోని బురూమ్ రేవులో సగమూ 2,50,000 డాలర్లకు అమ్మినట్టు రాయించుకున్నాడు. పాత అప్పును ఆ ధరలో మినహాయించుకోవాలని షరతు. కత్తి మెడ మీద పెట్టి రాయించుకున్న పత్రం చెల్లదని నకీబు తరువాత మొర పెట్టుకున్నాడు. నిజాం రాజ్యంలో తాలూకాను తాకట్టు పట్టిన పద్ధతినే జమేదారు ఇక్కడ ఒక పట్టణానికి వర్తింపజేశాడు.

ఇద్దరూ ఏడెన్‌కే వచ్చారు. తగవు తీర్చమని ఒకరు, పత్రం అమలు చేయమని మరొకరు అడిగారు. రెసిడెన్సీ మొదట తటస్థంగా ఉండాలనుకుంది, తటస్థత అంటే ఇద్దరి ఓడలనూ అడ్డుకోవడమే. నౌకాబలం లేనివాడికి దాని వల్ల పెద్ద నష్టం లేదు, హైదరాబాదు నుంచి మనుషులనూ ఆయుధాలనూ తెప్పించుకునేవాడికి అది ప్రాణాంతకం. అందుకే మొదటి దశలో ఈ తటస్థత నకీబుకు మేలు చేసింది. 1876లో రెసిడెంటు ఇద్దరి మధ్య రెండేళ్ల యుద్ధ విరామం కుదిర్చాడు. గడువు తీరిన తరువాత మళ్లీ పోరు మొదలైంది. ఈ లోగా నకీబు ఆసరా కోసం ఇతర ప్రభుత్వాల వైపు చూడటం ఏడెన్‌కు నచ్చలేదు. సనా నగరాన్ని 1872లో తిరిగి పట్టుకున్న తురుష్కులు దక్షిణం వైపు చూస్తున్న కాలం అది. అప్పుల్లో ఉన్న చిన్న పాలకుడు తన రేవును ఏ పరాయి ప్రభుత్వానికి అమ్మేస్తాడోనన్న భయం న్యాయాన్యాయాల విచారణను పక్కకు నెట్టింది.

1881లో నిర్ణయం జరిగింది. బ్రిటిష్ యుద్ధనౌక ముకల్లా ముందు నిలిచింది. అప్పటి దాకా ఇద్దరికీ మూసి ఉన్న సముద్రం ఇప్పుడు ఒకరికి మాత్రమే తెరుచుకుంది. నకీబు కోట దిగి, తన పరివారంతో పడవలెక్కి ఏడెన్‌కు, అక్కడి నుంచి జాంజిబార్‌కు ప్రవాసం వెళ్లిపోయాడు. ముకల్లా ఖుఐతీల పరమైంది. మరుసటి ఏడాది, 1882లో, ఖుఐతీ జమేదారు తన తీరాన్ని బ్రిటిష్ వారికి తప్ప మరెవరికీ అమ్మనని, తాకట్టు పెట్టనని, ఆక్రమణకు ఇవ్వనని రాసి ఇచ్చాడు. ఆయనకు ఏడాదికి 360 డాలర్ల భత్యం ఖాయమైంది. ఒకే పట్టణంలో సగానికి 2,50,000 డాలర్ల ధర కట్టిన మనిషికి ఆ భత్యం ఏ పాటిది? అది జీవనాధారం కాదు, బంధానికి గుర్తు. ఆయనకు కావలసింది సముద్రం తెరిచి ఉండటం, ఏడెన్‌కు కావలసింది అమ్మకానికి పెట్టలేని తీరం.

1888లో రక్షణ ఒడంబడిక ఈ బంధాన్ని పూర్తి చేసింది. అప్పట్లో ఏడెన్ రెసిడెన్సీ తీరం వెంట పాలకులతో వరుసగా ఇలాంటి ఒడంబడికలు చేసుకుంటూ వచ్చింది. 1886లో సొకోత్రా ద్వీపంతో మొదలైన ఆ పత్రాలన్నిటికీ ఒకే అచ్చు. రాణి దయనూ రక్షణనూ పాలకుడి భూమికి విస్తరింపజేస్తున్నట్టు మొదటి షరతు, బ్రిటిష్ ప్రభుత్వానికి తెలియకుండా, దాని అనుమతి లేకుండా మరే విదేశంతోనూ ఉత్తరాలు గానీ ఒప్పందాలు గానీ నడపరాదని రెండో షరతు. మరో శక్తి జోక్యం చేసుకోవడానికి ప్రయత్నిస్తే వెంటనే ఏడెన్‌కు తెలియజేయాలి. పాలకుడు తన ప్రజలతో ఎలా ఉండాలో ఆ పత్రంలో ఒక్క మాట కూడా లేదు. న్యాయస్థానం, పన్ను, బానిసల దళాలు, దారి దోపిడీ, ఇవేవీ అందులోకి రావు. రక్షణ అన్న మాట జనానికి వర్తించలేదు, తీరరేఖకు మాత్రమే వర్తించింది. ఈ లోపం పొరపాటున జరిగినది కాదు, ఖర్చు తప్పించుకోవడానికి తెలిసి తెలిసి వదిలేసినది. ఆ తరువాతి యాభై ఏళ్ల లోయ దుస్థితికి మూలం ఇక్కడే ఉందని ఖచ్చితంగా చెప్పవచ్చు.

రేవు తాళం, లోయ ఆకలి

రెండు రేవులూ ఖుఐతీల చేతిలో ఉండటంతో లోపలి కథీరీ సుల్తాన్‌లకు సముద్రం లేకుండా పోయింది. సైవూన్, తరీమ్ పట్టణాలకు వెళ్లే బియ్యం, బట్ట, చక్కెర అన్నీ ముకల్లా, షిహ్ర్ సుంకం కట్టే వెళ్లాలి. ముకల్లా ఒడ్డున ఎండబెట్టిన చిన్న చేపలు ఒంటెలకు మేతగా, ఘైల్ బా వజీర్ పొగాకు ఎగుమతి సరుకుగా ఖాతాల్లో కనిపించినా, ఖుఐతీ రాజ్యానికి స్థానికంగా ప్రధాన రాబడి ఆ రేవు సుంకాలే. మిగిలిన లోటు హైదరాబాదు నుంచి పూడేది. సుల్తాన్‌లు తమ జీవితంలో పెద్ద భాగం హైదరాబాదులోనే గడిపేవారు. 1922 నుంచి 1936 వరకు ఏలిన సుల్తాన్ ఉమర్ విషయంలో ఇది మరీ ఎక్కువ. ముకల్లా వ్యవహారాలు వజీర్లు చూసుకునేవారు, కచేరీల్లో భారతీయ ఉద్యోగులు ఉండేవారు, సముద్రం ఒడ్డున కట్టిన సుల్తాన్ మేడలో హైదరాబాదు దేవిడీల ఛాయ ఉండేది.

ఏడెన్ ఈ ఏర్పాటులో వేలు పెట్టిన సందర్భాలు తక్కువ. వాటిలో ముఖ్యమైనది 1918 ఒప్పందం. మొదటి ప్రపంచ యుద్ధంలో తురుష్కులు లహేజ్‌ను పట్టుకుని ఏడెన్ గుమ్మం దాకా వచ్చినప్పుడు, కథీరీలు వాళ్ల వైపు మొగ్గకుండా చూడటం అవసరమైంది. ఖుఐతీ, కథీరీ పాలకులను ఏడెన్‌లో ఒక ఒప్పందానికి తెచ్చి, 1888 రక్షణ తమకూ వర్తిస్తుందని కథీరీల చేత ఒప్పించారు. లోయలోని కొన్ని పట్టణాలు కథీరీలవేనని ఖుఐతీలు ఒప్పుకున్నారు. పటం మీద గీత స్పష్టమైంది. లోయలో ఇళ్ల మధ్య కందకాలు తవ్వుకుని, పగలు పొలానికి వెళ్లే దారిలో కూడా శత్రువు తుపాకీకి దొరకకుండా నడిచే కుటుంబాల బతుకు ఏమీ మారలేదు.

1934లో హెరాల్డ్ ఇంగ్రామ్స్ అనే అధికారి, ఆయన భార్య డొరీన్ ఈ లోయ అంతా తిరిగి చూశారు. తనకు తానే ప్రభుత్వమని భావించే తెగలు, ఊళ్లు, కోటలు అక్కడ సుమారు 2,000 ఉన్నాయని ఇంగ్రామ్స్ అంచనా వేశాడు. రక్షణ ఒడంబడిక జరిగి అప్పటికి నలభై ఆరేళ్లు. అంతకాలం తరువాత ఒక అధికారి వెళ్లి చూసి, మన రక్షణలో ఉన్న దేశంలో ఎవరికీ రక్షణ లేదని నివేదిక రాశాడంటే, ఆ నివేదిక ఏడెన్ పాలన మీద వచ్చిన అత్యంత తీవ్రమైన విమర్శగా నిలుస్తుంది.

ఇంగ్రామ్స్ పేరుతో ప్రసిద్ధమైన 1937 శాంతి ఒప్పందంలో మూడు శక్తులు కలిశాయి. మొదటిది తరీమ్‌కు చెందిన సయ్యద్ అబూబకర్ అల్ కాఫ్ పలుకుబడి, డబ్బు. ఆయన కుటుంబ సంపద సింగపూర్ స్థిరాస్తుల నుంచి వచ్చేది. తరీమ్ నుంచి షిహ్ర్‌కు మోటారు దారిని సొంత ఖర్చుతో వేయించిన మనిషి, తెగల మధ్య రాజీలకు కూడా తన సొమ్మే ధారపోశాడు. రెండోది ఇంగ్రామ్స్ దంపతుల ఓపిక, ఊరూరా తిరిగి వెయ్యికి పైగా నాయకుల సంతకాలు సేకరించిన శ్రమ. మూడోది రాయల్ ఎయిర్ ఫోర్స్. 1928లో ఏడెన్ రక్షణ బాధ్యతను విమాన దళానికి అప్పగించడానికి కారణం అది పదాతి దళం కన్నా చవక కావడమే. 1937 మొదట్లో బిన్ యమానీ తెగ జరిమానా కట్టడానికి నిరాకరించినప్పుడు, ముందు హెచ్చరిక కరపత్రాలు వేసి, తరువాత వాళ్ల ఇళ్ల మీద బాంబులు వేశారు. ఆ తరువాత సంతకాలు వేగంగా వచ్చాయి. మూడేళ్ల విరామానికి కుదిరిన ఈ శాంతిని మెచ్చుకునేవారు మొదటి రెండు శక్తులనే చెబుతారు, నిందించేవారు మూడోదాన్నే చెబుతారు. విరామం వచ్చాక లోయలో మనుషులు భయం లేకుండా పొలాలకు వెళ్లగలిగారన్నది కాదనలేని ప్రయోజనం. విమానం చూపిన భయం లేకుండా అది వచ్చేదని నమ్మడానికి మాత్రం ఆధారం లేదు.

అదే ఏడాది ఆగస్టులో ఖుఐతీ సుల్తాన్ సాలిహ్ బిన్ గాలిబ్ సలహా ఒడంబడిక మీద సంతకం చేశాడు. ముకల్లాలో బ్రిటిష్ రెసిడెంట్ సలహాదారు ఉంటాడు. ఇస్లాం మతానికీ ఆచారానికీ సంబంధించిన విషయాలు తప్ప మిగిలిన అన్నిటిలో సుల్తాన్ ఆయన సలహాను పాటించాలి. నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటు ఎలా ఉంటాడో దగ్గరగా చూసిన సుల్తాన్‌కు ఈ ఏర్పాటు కొత్తది కాదు. హైదరాబాదులో పెరిగి, పండితుడిగా పేరు పొందిన సాలిహ్ బడులు, కోర్టులు, ఖజానా లెక్కల సంస్కరణల మీద ఆసక్తితోనే గద్దెనెక్కాడు. సలహాదారు రావడంతో కొత్త దళాలు వచ్చాయి, వాటిలో 1940 ప్రాంతంలో మొదలైన హద్రమీ బెదూయిన్ లీజియన్‌కు జీతం ఇచ్చేది సుల్తాన్ కాదు, బ్రిటిష్ ఖజానా. అయితే మోటారు దారుల వల్ల ఒంటెల బాడుగ పోయిన హుమూమీ వంటి తెగలకు ఈ శాంతి కడుపు మీద కొట్టింది. ఏ లారీ ఎంత సరుకు మోయాలన్న విషయం మీద ప్రభుత్వమే నియమాలు పెట్టి ఒంటెలవాళ్ల వాటా కాపాడవలసి వచ్చింది.

ఆగిన సొమ్ము

సలహాదారు పాలన మొదలైన నాలుగైదేళ్లకే దాని పునాది కదిలింది. 1942లో జపాన్ జావానూ సింగపూర్‌నూ ఆక్రమించడంతో ఆ దేశాల నుంచి లోయకు వచ్చే సొమ్ము ఒక్కసారిగా ఆగిపోయింది. వానలు కూడా లేకపోవడంతో 1943, 1944 సంవత్సరాల్లో కరువు వచ్చి వేలాది మంది చనిపోయారు. రాయల్ ఎయిర్ ఫోర్స్ విమానాలు ఈసారి తీరం నుంచి లోయకు ధాన్యం మోశాయి. ఆ కరువు గాయం మానకముందే 1948లో రెండో కరువు మొదలైంది, అదే ఏడాది సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులోకి ప్రవేశించి నిజాం పాలనను ముగించింది. 1949లో హైదరాబాదు రాజ్యంలో జాగీర్లు రద్దయ్యాయి. వందేళ్లుగా ముకల్లాను మోసిన రెండో ఖజానా మూతపడింది.

మనుషుల సంగతి అంతకన్నా కష్టమైంది. పోలీసు చర్య తరువాత హైదరాబాదులో వేలాది మంది అరబ్బులను నిర్బంధించారు. వాళ్లలో నిజాం దళాల సిపాయిలు ఉన్నారు, ఏ దళంలోనూ లేని చిన్న ఉద్యోగులూ కాపలాదార్లూ ఉన్నారు, తాత ముత్తాతల కాలం నుంచి తెలుగు, ఉర్దూ మాట్లాడుతూ హద్రమౌత్‌ను చూడని కుటుంబాలూ ఉన్నాయి. భారత ప్రభుత్వం దృష్టిలో వాళ్లు విదేశీయులు, స్వదేశానికి పంపించవలసినవాళ్లు. ఏడెన్ అధికారుల దృష్టిలో అప్పుడే కరువులో ఉన్న దేశానికి అంతమందిని దించడం అసాధ్యం. 1888 పత్రంలో తీరరేఖకు ఇచ్చిన రక్షణ ఆ తీరం నుంచి వలస వెళ్లిన మనిషికి వర్తిస్తుందా, వర్తిస్తే అతని పిల్లలకు వర్తిస్తుందా అన్న ప్రశ్న అరవై ఏళ్ల తరువాత ఈ రూపంలో ఎదురైంది. కొందరిని ఓడల్లో ఏడెన్‌కు పంపించారు, మరెందరో ఇక్కడే ఉండిపోయారు. పాతబస్తీ దక్షిణాన బార్కస్‌లో చావూష్‌లని పిలిచే ఈ అరబ్బుల కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి, హైదరాబాదు పెళ్లిళ్లలో మోగే మర్ఫా వాద్యం వాళ్లు తెచ్చినదే.

హైదరాబాదు రాబడి పోయాక ఖుఐతీ రాజ్యానికి రేవు సుంకమూ బ్రిటిష్ సహాయమూ మాత్రమే మిగిలాయి. సలహాదారు మాట బరువు ఆ మేరకు పెరిగింది. 1950 చివర్లో రాజ్య కార్యదర్శి పదవికి సూడాన్ దేశస్థుడైన షేక్ అల్ ఖద్దాల్‌ను నియమించినప్పుడు, స్థానికులకే ఆ పదవి ఇవ్వాలని ముకల్లా జనం సుల్తాన్ మేడ ముందు గుమిగూడారు. కాల్పుల్లో పలువురు చనిపోయారు. సుల్తాన్‌ను అడిగితే సలహాదారు మాట, సలహాదారును అడిగితే సుల్తాన్ నిర్ణయం అన్న చోట జనం ఎవరిని నిలదీయాలి? సలహా ఒడంబడికలోని అసలు లోపం అది. అధికారం ఒకరిదీ బాధ్యత మరొకరిదీ అయినప్పుడు మధ్యలో నలిగేది సామాన్యులే, హైదరాబాదు ప్రజలు కూడా రెసిడెన్సీ కాలంలో ఇదే అనుభవించారు.

1960లలో ఏడెన్ చుట్టూ దక్షిణ అరేబియా సమాఖ్య ఏర్పడినప్పుడు ఖుఐతీ, కథీరీ రాజ్యాలు అందులో చేరలేదు. ఎడారిలో చమురు దొరుకుతుందన్న ఆశ అందుకు ఒక కారణం. బావులు తవ్వారు, చమురు రాలేదు. 1966లో గద్దెనెక్కిన సుల్తాన్ గాలిబ్ అప్పటికి ఇంకా యువకుడు. 1967లో బ్రిటిష్ వారు వెళ్లిపోతున్నారని తేలగానే రాజ్యంలో ఆయుధబలం ఎవరి మాట వింటుందన్నదే ప్రశ్న అయింది. లీజియన్‌కు జీతమిచ్చిన చేయి ఏడెన్‌ది, ఆ చేయి వెనక్కి వెళుతోంది. సుల్తాన్ దగ్గర దాన్ని భర్తీ చేసే సొమ్ము లేదు, హైదరాబాదు నుంచి మనుషులనూ డబ్బునూ తెప్పించుకునే దారి ఇరవై ఏళ్ల కిందటే మూసుకుపోయింది. 1967 సెప్టెంబరు 17న, బ్రిటిష్ వారి మీద సాయుధంగా పోరాడిన నేషనల్ లిబరేషన్ ఫ్రంట్ పెద్దగా పోరాటం లేకుండానే ముకల్లాను స్వాధీనం చేసుకుంది. విదేశం నుంచి ఓడలో తిరిగి వచ్చిన సుల్తాన్‌ను రేవులో దిగనివ్వలేదు. ఆ నవంబరు 30న బ్రిటిష్ వారు ఏడెన్ విడిచి వెళ్లారు.